పదో గాజుపట్టీ

ఆ వేసవి మూడు నెలలూ నా ఉద్యోగం గాజుముక్కలు చూడడం. నవ్వకండి, నిజంగానే అది ఉద్యోగం. పొద్దున్నే పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని కాలనీలోని నలభై ఇళ్ళకీ వెళ్ళేదాన్ని. ప్రతి ఇంట్లోనూ గోడ పగులు మీద అడ్డంగా వేలెడు వెడల్పు గాజుపట్టీ ఒకటి అతికించి ఉండేది. రెండు కొసలా సున్నపు ముద్దలు, మధ్యలో ఎర్ర రంగుతో ఇంటి నంబరూ అతికించిన తేదీ. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. పగులు వెంట్రుకవాసి విచ్చుకున్నా గాజు పుటుక్కుమంటుంది. నేను చూసి పుస్తకంలో "బాగుంది" అనో "విరిగింది" అనో రాయాలి. ఈ మాత్రం దానికి మనిషెందుకు, పిల్లిని పెట్టుకున్నా సరిపోయేదిగా అని మా అత్త ఏడిపించేది.

గోడలు ఎందుకు పగిలాయో చెప్పాలి. కాలనీ వెనక గుట్టల దగ్గర ఆవిరి కరెంటు కేంద్రం ఉంది. నేల లోతుల్లోంచి మరిగే నీళ్ళు పైకి తెచ్చి, ఆ ఆవిరితో కరెంటు తీసి, చల్లారిన నీళ్ళని వేరే బావుల్లోంచి మళ్ళీ కిందికి ఎక్కిస్తారు. పొగ లేదు, బొగ్గు మసి లేదు. మొదట్లో మేమూ మురిసిపోయాం. కుళ్ళిన గుడ్ల కంపు వస్తే ముక్కులు అలవాటు పడ్డాయి. వెండి పట్టీలు నల్లబడితే తుడుచుకున్నాం. కానీ నీళ్ళు కిందికి ఎక్కించే బావులు రెండు కొత్తగా మా వైపు తవ్విన దగ్గర్నుంచీ నేల వణకడం మొదలైంది. పెద్దగా ఏం కాదు. అలమారలో గిన్నెలు గలగలమనేవి, మంచం కాళ్ళు టకటకమనేవి. నేల ఒళ్ళు విరుచుకుంటోందని పెద్దవాళ్ళు నవ్వేశారు. ఆ తర్వాత గోడలు విచ్చుకున్నాయి, నవ్వులు ఆగిపోయాయి.

అందరం కలిసి కేంద్రం గేటు దగ్గర కూర్చుంటే కంపెనీ దిగొచ్చి ఒప్పందం రాసింది. అందులో షరతులు రెండే. గాజుపట్టీ విరిగిన ఇంటిని మూడు రోజుల్లో ఖాళీ చేయించి, ఇంటివాళ్ళని మైదానం అవతల రేకుల షెడ్లలోకి మార్చాలి. వేసవి అయ్యేలోగా పది పట్టీలు గనక విరిగితే ఆ రెండు బావులనీ ఆపెయ్యాలి, నిపుణులు వచ్చి తేల్చేదాకా చుక్క నీరు కిందికి పంపకూడదు. పట్టీలు చూసే మనిషి మాత్రం మా మనిషే కావాలని కాలనీ వాళ్ళు పట్టుబట్టారు. దస్తూరి గుండ్రంగా ఉంటుంది, మేస్త్రీ కూతురు గనక గోడల సంగతి తెలుసు, పైగా అబద్ధం చెబితే మొహంలోనే తెలిసిపోతుంది అని నన్ను పెట్టారు. మూడో మాట అన్నది మా ఎదురింటి బస్సు బాబాయి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, మనుషుల్ని అద్దంలో చూసి పోల్చుకునేవాడు. ఆయన లెక్క నా దగ్గర తప్పింది.

మార్చి మూడున నలభై పట్టీలూ అతికించాం. మే నెల మొదటి వారానికి తొమ్మిది విరిగాయి.

తొమ్మిదోది బస్సు బాబాయిదే. వాళ్ళ పడగ్గదిలో, కిటికీ కింద. నేను "విరిగింది" అని రాస్తుంటే పిన్ని తలుపు పట్టుకుని నిలబడి చూసింది. ఆమెకి మోకాళ్ళ నొప్పులు, రెండు గదుల మధ్య నడవడానికే గోడ పట్టుకునేది. ఇంకోసారి చూడమ్మా, వెలుతురు సరిగ్గా పడ్డం లేదేమో అంది. చూశాను. రెండు ముక్కలు, మధ్యలో గోరు దూరేంత సందు. కంపెనీ సర్వే ఇంజినీరు వచ్చి, నా పుస్తకంలో రాత చూసి, తలుపు మీద ఎర్ర కాయితం అంటించి, తాళం వేసి వెళ్ళాడు. షెడ్డుకి సామాన్లు మోసేటప్పుడు బాబాయి నవ్వుతూనే, మనం దిగేశాం, ఇంకొక్క టిక్కెట్టు తెగితే బండి ఆగుతుంది అన్నాడు.

కాలనీ అంతా ఆ ఒక్కటి కోసమే కాచుకుంది. టీ కొట్టు దగ్గర నన్ను ఆపి, ఇవాళేమైనా ఉందా అని అడిగేవాళ్ళు. పదోది అందరికీ కావాలి. తమ ఇంట్లో మాత్రం ఎవరికీ అక్కర్లేదు. రేకుల షెడ్లలో మధ్యాహ్నం పూట ఎలా ఉంటుందో అప్పటికి అందరూ చూశారు.

మా అత్త ఇల్లు మా పెరటి వెనకే. రెండు వంటిళ్ళూ ఎదురెదురు. పప్పులో ఉప్పు చాలకపోయినా అక్కడి నుంచే కేకేసి అడిగేది. నాన్నకి ఒక్కతే చెల్లెలు, నాకు అమ్మ తర్వాత అమ్మ. బట్టలు కుట్టేది, అందుకని కాలనీ మొత్తం మిషనత్త అనేవాళ్ళు. వేసవి వచ్చిందంటే ఆమెకి తల తిప్పుకునే తీరిక ఉండదు. బడులు తెరిచేలోగా యూనిఫారాలు కుట్టాలి. ఇల్లంతా నీలం గుడ్డ, తెల్ల గుడ్డ, నడవడానికి చోటు ఉండదు. మిషను వెనకగోడకి ఆనించి ఉంటుంది, అక్కడి కిటికీలోంచి వెలుతురు బాగా పడుతుందని. పగులూ ఆ గోడకే.

ఆమె ఇంటికి నేను చివర్న వెళ్ళేదాన్ని, టీ అక్కడ తాగొచ్చని. మే పదిహేడున వెళ్ళేసరికి పట్టీ ఉండాల్సిన చోట ఒక నీలం లాగు మేకుకి వేలాడుతోంది. అత్త మిషను తొక్కుతూనే ఉంది గానీ సూదిలో దారం లేదు. లాగు ఎత్తి చూశాను. గాజు నడిమికి విరిగి, కింది ముక్క పక్కకి వాలి ఉంది.

"ఇవాళ నువ్వు రాలేదనుకో" అంది అత్త.

అలా ఎలా కుదురుతుందని అడిగాను. ఆమె మిషను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. నూట అరవై జతలు ఒప్పుకుంది. సగం కత్తిరించి ఉన్నాయి. రేకుల కింద మిషను పెట్టుకుంటే రాత్రిళ్ళు కుట్టడానికి లైటు ఉండదు, తెల్ల గుడ్డ దుమ్ము పట్టి పోతుంది. జూన్ పదిహేనున పిల్లలు పాత బట్టల్తో బడికి వెళితే మరుసటి ఏడాది తన గుమ్మం ఎవరు తొక్కుతారు? ఎన్నాళ్ళని, నెల్లాళ్ళు కూడా లేదు కదా అంది. ఆ తర్వాత తనే వెళ్ళిపోతుందట, నేను చెప్పక్కర్లేదట.

"అత్తా, పుస్తకంలో తొమ్మిది ఉన్నాయి. నీది పదోది."

ఆమెకి ఆ మాట కొత్తేం కాదు. తలుపు వైపు చూసింది, గోడ వైపు చూసింది.

"ఇవాళో రేపో ఎవరో ఒకరిది విరుగుతుంది లేవే. బావులు ఎలాగూ ఆగుతాయి. ఆ పదోది నాదే కావాలా?"

నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. అన్ని ఇళ్ళున్నాయి, ఇన్ని పగుళ్ళున్నాయి, ఇంకొకటి విరగడానికి ఎంతసేపు? నాన్నని పిలుచుకొస్తానన్నాను. నాన్న వద్దంటాడనీ, ఆ పాపం ఆయన మీదికి తోసేసి నేను తప్పుకోవచ్చనీ లోపల ఓ మూల ఉంది.

నాన్న వచ్చి అరచెయ్యి గోడకి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళప్పుడు సొంతంగా కట్టిన మొదటి ఇల్లు అది. చెల్లెలి కోసం కట్టాడు. తాపీతో రెండు చోట్ల కొట్టి చప్పుడు విన్నాడు. గోడ గట్టిగానే ఉంది, పై పూత కదిలింది, పూడిస్తే ఇంకో పదేళ్ళు ఢోకా లేదు అన్నాడు. గోడల సంగతి ఆయనకి తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. నేల సంగతే ఎవరికీ తెలియదు.

ఆ పని ఆయన ఎంతో శ్రద్ధగా చేశాడు. పగులుని లోపలిదాకా గీకి, తడిపి, మూడు విడతలుగా పూడ్చాడు. పైన పాత గోడ రంగే వేశాడు. పాత కిటికీ అద్దంలోంచి పట్టీ కోశాడు. కొత్త సున్నపు ముద్దలు తెల్లగా కనిపిస్తాయని వాటి మీద టీ డికాషను అద్ది, చారెడు మట్టి రుద్దాడు. ఎవరొచ్చి చూసినా మార్చి నెలలో అతికించింది కాదని అనలేరు. అంతా అయ్యాక ఎర్ర రంగు కుంచె నా వైపు చాపాడు.

"రాత నీది కదా."

"ఏ తేదీ వెయ్యను?" అన్నాను.

నాన్న సంచిలో పనిముట్లు సర్దుకుంటున్నాడు. అత్త సూదిలో దారం ఎక్కిస్తోంది. నేను మార్చి మూడు అని రాశాను. పుస్తకంలో ఆమె ఇంటి నంబరు ఎదురుగా "బాగుంది" అని రాశాను. తర్వాత ముగ్గురం టీ తాగాం.

ఆ మర్నాటి నుంచీ నేను వేరే మనిషినయ్యాను. ప్రతి ఇంట్లోకీ వెళ్ళి, ఇది విరిగి ఉండాలి, ఇదైనా విరిగి ఉండాలి అని మొక్కుకుంటూ చూసేదాన్ని. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లలున్న ఇళ్ళలో గోడలు పగలాలని కోరుకున్నాను. ఒక్కటీ విరగలేదు. నేల మాత్రం రోజుకి రెండుసార్లు, మూడుసార్లు వణుకుతూనే ఉంది. గుట్టల దగ్గర పంపులు పగలూ రాత్రీ ఒకే మోత. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకో ఇంట్లో మరీ సన్నగా కనిపించిన పట్టీ ఒకదాన్ని వేలితో నొక్కి కూడా చూశాను. విరగలేదు.

శనివారం సర్వే ఇంజినీరు పుస్తకం చూడడానికి వచ్చాడు. వయసు చిన్నది, ఎండకి కమిలిపోయిన మొహం. తొమ్మిదే కదా అన్నాడు. ఆ గొంతులో ఊరట నాకు స్పష్టంగా వినిపించింది. పది అయితే అతన్ని పైవాళ్ళు తినేస్తారని అందరికీ తెలుసు. నేను నోరు తెరిచి, సార్, మా అత్త ఇంట్లో, అని మొదలుపెట్టాను. ఊఁ, చెప్పండి అని పుస్తకం మూసి నా వైపు చూశాడు. "టీ బాగుంటుంది, తాగి వెళ్ళండి" అన్నాను. తాగే వెళ్ళాడు. గాజుపట్టీ పక్కనే నిలబడి, పిల్లల చొక్కాలకి జేబు ఎటువైపు కుడతారని అత్తని అడుగుతూ తాగాడు.

పదకొండు రోజులు గడిచాయి. మే ఇరవై ఎనిమిదిన, పొద్దున పదకొండు దాటాక, నేను ఇరవై ఆరో నంబరు ఇంట్లో ఉన్నాను. ముందు చప్పుడు వచ్చింది, పెద్ద లారీ కంకర గుమ్మరించినట్టు. తర్వాత నేల కాళ్ళ కింద నుంచి జరిగింది. ఇంటావిడ నన్ను పట్టుకుంది, నేను తలుపు పట్టుకున్నాను. పన్నెండు సెకన్లని తర్వాత కాయితాల్లో రాశారు. ఆగాక చూస్తే కాలనీలో చాలా ఇళ్ళు నిలబడే ఉన్నాయి. పెంకులు జారాయి, ఎర్ర కాయితం అంటించిన తొమ్మిదింట్లో రెండిళ్ళు ఓ పక్కకి కుంగాయి. వాటిలో మనుషులు లేరు.

అత్త వెనకగోడ లోపలికి పడింది. ముక్కలైపోలేదు. నాన్న పూడ్చిన చోటు పూడ్చినట్టే ఉండి, గోడ మొత్తం ఒకే పలకగా మిషను మీదికి వాలింది. నేను వెళ్ళేసరికి నాన్న ఒక్కడే దాన్ని చేతుల్తో ఎత్తాలని చూస్తున్నాడు. పదిమంది పట్టినా లేవని గోడ అది. అరవడం లేదు, ఎవర్నీ పిలవడం లేదు. గోళ్ళు ఊడి రక్తం కారుతున్నా తెలియడం లేదు. బస్సు బాబాయి షెడ్ల నుంచి పరిగెత్తుకొచ్చి నాన్న నడుం పట్టుకుని ఇవతలికి లాగాడు. గునపాలు తెచ్చి గోడ ఎత్తేసరికి మధ్యాహ్నమైంది. అత్త మిషను మీదికి ఒరిగి ఉంది. ఊపిరి లేదు. చేతి కింద తెల్ల చొక్కా ఒకటి, ఒక చెయ్యి కుట్టడం అయ్యింది, ఇంకోటి కాలేదు.

మూడో రోజున కంపెనీ కాయితం ఒకటి టీ కొట్టు గోడకి అంటించింది. భూకంపంలో పగిలినవి ప్రకృతి పని గనక లెక్కలోకి రావట, అంతకు ముందు విరిగిన పట్టీలు తొమ్మిదే గనక ఒప్పందం ఎక్కడా మీరలేదట. మనిషి పోయిన ఇంట్లో పట్టీ చివరి రోజు దాకా బాగుందని కాలనీ మనిషే రాసిందట. కాబట్టి ఆ గోడ పడిపోవడానికి కారణం బావులు కాదు, కట్టడంలోని లోపమట. నాన్న ఆ కాయితం నిలబడి చదివాడు. చదువు అంతగా రాదు, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. ఇంటికొచ్చి పీట మీద కూలబడ్డాడు.

"మీ అత్త అడిగింది సరే. నువ్వు చిన్నదానివి, నువ్వు ఒప్పుకున్నది సరే. ఆ గోడ మీద చెయ్యి పెట్టి బాగుందన్నవాణ్ణి నేను" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "విచారణకి సర్కారు పెద్ద ఆఫీసరు వస్తున్నాడట. చెప్పేద్దాం తల్లీ. పదోది ఉందని చెబితే బావులైనా ఆగుతాయి" అన్నాడు.

నాకూ ఆశ కలిగింది. తప్పు మామీద వేసుకుంటే పదో పట్టీ లెక్కలోకి వస్తుంది, పంపులు ఆగుతాయి. అత్త ఎలాగూ రాదు, మిగిలినవాళ్ళయినా బతుకుతారు అనుకున్నాను. విచారణ బడిలోనే పెట్టారు, సెలవులు గనక. వరండాలో సర్వే ఇంజినీరు నా పక్కకి వచ్చాడు. ఎటో చూస్తూ, మీరేం చెప్పబోతున్నారో నేను అడగను, కానీ కాలనీ చేతిలో ఉన్నది ఆ పుస్తకం ఒక్కటేనని గుర్తుంచుకోండి అన్నాడు. కంపెనీ తరఫున బెదిరిస్తున్నాడనుకున్నాను. నా మంచి కోరి చెప్పాడని ఆ పూటే తెలిసింది.

మొత్తం చెప్పాను. పదిహేడో తేదీ, నీలం లాగు, డికాషను, ఎర్ర రంగు, ఏదీ దాచలేదు. పట్టీ మార్చింది నేను, అమ్మాయి చేత తేదీ వేయించిందీ నేనే అని నాన్న లేచి చెప్పాడు. గదిలో కాలనీ వాళ్ళంతా ఉన్నారు. ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. మా అత్త కుట్టిన బట్టలు వేసుకున్న పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు.

ఆఫీసరు పెద్దమనిషి, గొంతు పెంచడు. పుస్తకం పేజీలు తిప్పుతూ, అంటే ఈ ఇంటి తేదీ మీరు మార్చి రాశారు అన్నాడు. అవునన్నాను.

"మిగతా తొమ్మిదీ మార్చలేదని ఎవరు చెప్పాలి?"

"నేను చెబుతున్నాను సార్. అవన్నీ నిజం."

ఆయన నా మొహం వైపు జాలిగానే చూశాడు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. రాసిన మనిషే అబద్ధం ఒప్పుకున్నాక ఈ పుస్తకంలో ఏ అక్షరాన్నీ సాక్ష్యంగా తీసుకోలేమన్నాడు. తొమ్మిదీ చెల్లవు, పదోదీ చెల్లదు. పట్టీలు మళ్ళీ మొదటి నుంచి అతికించాలి, లెక్క మళ్ళీ ఒకటి నుంచి. అప్పటిదాకా బావులు ఆపాల్సిన అవసరం లేదు. ఇళ్ళు ఖాళీ చేయించాల్సిన అవసరమూ లేదు, షెడ్లు ఎత్తేస్తారు. అరగంటలో అంతా అయిపోయింది. బయటికొస్తే గుట్టల మీద ఆవిరి ఎప్పటిలాగే తెల్లగా లేస్తోంది.

మరుసటి వారం ఇంజినీరు తాళంచెవుల గుత్తి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. కుంగిన రెండింటితో సహా తొమ్మిది ఇళ్ళవీ ఉన్నాయి. నాకు మొహం చెల్లడం లేదు, మీరే ఇచ్చెయ్యండి అన్నాడు. నాకు మొహం చెల్లుతుందని ఎలా అనుకున్నాడో తెలియదు.

బస్సు బాబాయి వాళ్ళు అప్పటికే తోపుడుబండి మీద పరుపులు, గిన్నెలు వేసుకుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. పిన్ని ఎండలో బండి అంచు పట్టుకుని నిలబడింది. ఎర్ర కాయితం చించేశారు, జిగురు మచ్చ మాత్రం తలుపు మీద ఉంది. నాన్న తెల్లవారినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. పడగ్గది గోడకి బయటి నుంచి సరుగుడు వాసాలు ఏటవాలుగా దన్ను పెడుతున్నాడు. పగులు పూడ్చలేదు. తాపీ తీసుకురాలేదు కూడా.

బాబాయి నా దగ్గరికొచ్చాడు. విచారణలో ఒక్క మాటా అనని మనిషి, ఇప్పుడు తిడతాడనుకుని తల వంచుకున్నాను.

"మా ఇంటి పట్టీ నిజంగానే విరిగింది కదమ్మా?" అని అడిగాడు.

"నిజంగానే విరిగింది బాబాయ్."

"అదే" అన్నాడు. బండి మీంచి ఓ పరుపు ఎత్తుకుని, "సర్లే, తాళం తియ్యి. మీ పిన్ని నిలబడలేకపోతోంది" అన్నాడు.

తాళం తీశాను. పిన్ని గోడ పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, నా భుజం పట్టుకుని లోపలికి నడిచింది.